బోరు లాగ్‌ను ఎక్సెల్‌లోకి తేవడానికి ఏది మేలు: చేత్తోనా, ఆక్‌తోనా, పైథాన్‌తోనా?

విజయనగరం చుట్టుపక్కల బోరుబండి వాళ్లు లోతును అడుగుల్లోనే చెబుతారు. బోరులోకి దించి, లోతు వారీగా రాతి గుణాలను కొలిచే లాగింగ్ పరికరం నుంచి నాకు వచ్చిన బోరు లాగ్‌లలో, అంటే లాస్ (LAS) ఫైళ్లలో, మాత్రం మీటర్లున్నాయి. వాళ్ల 200 అడుగులు ఫైలులో 60.96. ఇరవై బోర్ల ఫైళ్లను ఎక్సెల్‌లోకి మార్చడానికి కూర్చున్నాక తెలిసింది, ఇది చిక్కుల్లో చిన్నదని.

లాస్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు టెక్స్టే. పైన బావి వివరాలు, కొలతల పేర్లు, యూనిట్లు. ~ఎ (~A) అన్న గుర్తు తర్వాత అంకెల వరుసలు. ఒకటి రెండు ఫైళ్లయితే నేరుగా ఎక్సెల్‌లో తెరిచినా తప్పులేదు. కానీ ఆ ~ఎ గుర్తు మొదటి గడిలో కూర్చుంటే పేర్లన్నీ ఒక గడి కుడికి జరుగుతాయి. అప్పుడు గామా (రాతి సహజ రేడియోధార్మికత) శీర్షిక కింద రెసిస్టివిటీ (విద్యుత్తుకు రాయి చూపే నిరోధం) అంకెలు ఉంటాయి, చూడటానికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది! పైగా కొలత లేని చోట -999.25 వేయడం ఈ ఫైళ్ల ఆనవాయితీ. పది రీడింగుల్లో ఎనిమిది 50 చొప్పున ఉండి, రెండు అలాంటివైతే సగటు -159.85 వస్తుంది. రాతి రెసిస్టివిటీ సున్నాకు దిగువన ఉండటమేమిటి?

ఆక్ (awk) అంటే టెక్స్టును వరుస వరుసగా చదివి మార్చే చిన్న స్క్రిప్టు భాష. అది తెలిసినవాళ్లకు ఇది ఒక్క వరుస పని. ఫైలులో ర్యాప్ (WRAP) అన్నచోట యెస్ (YES) అని ఉంటే మాత్రం ఒకే లోతు కొలతలు నాలుగైదు వరుసలుగా విరిగి ఉంటాయి. ఆ ఒక్క వరుస స్క్రిప్టు అక్కడే బోల్తా కొడుతుంది.

నా ఓటు పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో లాస్ ఫైళ్లను చదివే లాసియో (lasio) లైబ్రరీకే. విరిగిన వరుసలను అదే అతుకుతుంది, -999.25లను ఖాళీ గడులుగా మారుస్తుంది. పైథాన్‌లోనే పట్టికల కోసం ఉన్న పాండాస్ (pandas) లైబ్రరీ పట్టికగా మార్చి ఎక్సెల్‌లో రాస్తే యూనిట్లు పోతాయి. లాసియో సొంత ఎక్సెల్ ఆదేశంతో రాస్తే బావి వివరాలు ఒక షీటులో, కొలతలు మరో షీటులో వస్తాయి. దీన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. పైన -999.25 అని ప్రకటించి, కింద -9999 నింపిన ఫైలు ఒకటి నాకు తగిలింది. మామూలు అమరికలో లాసియో పైన చెప్పినదాన్నే తీసేస్తుంది, రెండోదాన్ని అలాగే వదిలేస్తుంది. అందుకే ప్రతి ఫైలునూ ముందు నోట్‌ప్యాడ్‌లో ఒకసారి చూస్తాను. కొత్త ప్రోగ్రాములు పెట్టుకోనివ్వని ఆఫీసు కంప్యూటరైతే, పాపం, ఆక్ కూడా దొరకదు, చేత్తో చేసుకోవాల్సిందే.

స్క్రిప్టు చివర ఒక వరుస అదనంగా రాసుకున్నాను: లోతును 0.3048తో భాగించి, పక్కన అడుగుల నిలువు వరుస చేర్చమని. బోరుబండి వాళ్లు షీటులో చూసేది అదొక్కటే.