సాఫ్ట్‌వేర్ వాడమని ఆర్డర్ వేయాలా, పనివాళ్లతోనే మొదలుపెట్టాలా: ఏది మేలు?

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల చెరువులు, రైసు మిల్లులు నడిపేవాళ్లు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. "సాఫ్ట్‌వేర్ కొన్నాం, ఎవరూ సరిగ్గా వాడట్లేదు. గట్టిగా ఆర్డర్ వేసేదా, మెల్లగా అలవాటు చేసేదా?"

ఆర్డర్‌తో పని తొందరగా అవుతుంది, కాదనను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు బిల్లింగ్ మార్చడానికి ఒక్కొక్కరి ఇష్టం కనుక్కునే టైము ఎవరికీ లేదు. లెక్కల పనికి ఇప్పటికీ అదే దారి. చెరువు గట్టు మీద మాత్రం అది నడవదు.

రెండేళ్ల కిందట ఇందుకూరుపేట వైపు మా చెరువుల్లో ఆక్సిజన్ రీడింగులు ఫోన్‌లో ఎక్కించాల్సిందేనని ఆర్డర్ వేశాం. మేం పెంచే వెనామీ రకం రొయ్యలకు తెల్లవారుజామునే గండం. రాత్రంతా ఎండ ఉండదు కాబట్టి నీళ్లలో కొత్తగా ఆక్సిజన్ పుట్టదు, ఉన్నదాన్ని రొయ్యలూ నాచూ కలిసి వాడేస్తాయి, రీడింగు (లీటరు నీళ్లకు మిల్లీగ్రాముల్లో) 4 కిందికి దిగితే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ తిరగాల్సిందే. మాకు మాత్రం రోజూ 5, 5, 5 అనే వచ్చేది. మీటరు బాగానే ఉంది. విచారిస్తే తెలిసిందేంటంటే, మొదటి వారంలో 3 అని ఉన్నదున్నట్టు ఎక్కించిన కుర్రాడిని సూపర్‌వైజర్ అందరి ముందూ "రాత్రంతా నిద్రపోయినావా ఏంది?" అని తిట్టాడు. ఇక నిజం ఎవరు రాస్తారు? నా లెక్కలో అసలు తేల్చేది ఇదే: చెడ్డ కబురు చెప్పినవాడికి తిట్లు పడుతున్నాయా, సాయం అందుతోందా. టయోటా ఫ్యాక్టరీల్లో తేడా కనబడితే మామూలు కార్మికుడే తాడు లాగో బటన్ నొక్కో సూపర్‌వైజర్‌ని పిలవొచ్చు, అవసరమైతే లైనే ఆగిపోతుంది. ఆ ధైర్యం సాఫ్ట్‌వేర్‌తో పాటు రాదు.

అందుకే రెండోసారి ఒక్క చెరువుతో, ఆ కుర్రాడితోనే మొదలుపెట్టాం. ఫారంలో ఇన్ని గడులు వద్దు, మీటరు ఫోటో తీసి పంపితే చాలదా అన్నది అతనే. ఒక పంట కాలమంతా పట్టింది, మధ్యలో నాకూ ఓపిక పోయింది, కానీ పక్క చెరువులవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి నేర్చుకున్నారు.

హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో కన్సల్టెంట్లను పిలవడం మూడో దారి. సెటప్ వరకు పనికొస్తారు, అంతే.

నన్నడిగితే బిల్లులకు ఆర్డర్, చెరువులకు పనివాళ్ల దారి. ఇప్పుడు తెల్లవారుజామున 3 అని రీడింగు వస్తే అదే సూపర్‌వైజర్ ఫోన్ చేసి మొదట అడిగేది, "అబ్బయ్యా, ఏరేటర్లు వేసినావా, ఇంకో మనిషిని పంపేదా?" అని.