యూకే నర్సు ‘జాబ్ గ్యారంటీ’ ప్యాకేజీలతో జాగ్రత్త

యూకేలో స్టాఫ్ నర్సు ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి లక్షల్లో వసూలు చేసే కన్సల్టెన్సీలకు ఇప్పుడు డబ్బు కట్టకండి. కట్టినవాళ్లలో సీబీటీ (నర్సు రిజిస్ట్రేషన్ కోసం కంప్యూటర్‌ మీద రాసే పరీక్ష) పాసై కూడా ఇంటర్వ్యూ పిలుపు లేక ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్కోరుకు గడువు రెండేళ్లే. ఈలోగా ఉద్యోగం రాకపోతే ఆ పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ కన్సల్టెన్సీలు చూపించే లెక్కలు పాతవి. 2022, 2023లో ఇంగ్లండ్ ఆసుపత్రులు మన దేశం నుంచి నర్సులను పెద్ద ఎత్తున తీసుకున్న మాట నిజమే. 2024-25కి వచ్చేసరికి విదేశాల నుంచి ఎన్‌ఎంసీ (యూకే నర్సింగ్ కౌన్సిల్) రిజిస్టర్‌లో కొత్తగా చేరినవాళ్లు ముందు ఏడాది కంటే దాదాపు 30 శాతం తగ్గారు. ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే ట్రస్టుల దగ్గర నిధులు తక్కువ కావడంతో అక్కడ చదివిన కొత్త నర్సులకే బ్యాండ్ 5 (స్టాఫ్ నర్సు జీతం స్థాయి) పోస్టు దొరకడం కష్టమైంది. వార్డులో మనుషులు చాలకపోయినా, పోస్టుకు బడ్జెట్ మంజూరు కాకపోతే ప్రకటన రాదు. ‘నర్సుల కొరత’ అన్న మాట విని డబ్బు కట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు.

అసలు పరిస్థితి మీరే చూసుకోవచ్చు. యూకే ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌ ఉద్యోగాల సైట్ ‘ఎన్‌హెచ్‌ఎస్ జాబ్స్’లో లాగిన్ లేకుండానే వెతకవచ్చు. ఏజెంటు చెప్పిన ఊరి పేరు కొట్టి, బ్యాండ్ 5 ఎంచుకుని, రెండు మూడు వారాలు వరసగా గమనించండి. ఒక ఊళ్లో మెంటల్ హెల్త్, ఆపరేషన్ థియేటర్ పోస్టులు కనిపిస్తాయి, జనరల్ వార్డు పోస్టు ఒక్కటీ ఉండదు. మీ అనుభవం ఏ విభాగంలో ఉందో ఆ పోస్టులనే లెక్కపెట్టండి. ప్రకటన పూర్తిగా చదవండి. దరఖాస్తు నాటికే ఎన్‌ఎంసీ పిన్ (రిజిస్ట్రేషన్ నంబరు) ఉండాలని రాస్తే ఆస్కీ (యూకేలో జరిగే ప్రాక్టికల్ పరీక్ష) పాసవ్వనివాళ్లకు ఆ పోస్టు పనికిరాదు. వీసా స్పాన్సర్‌షిప్ గురించి ఏం రాశారో కూడా చూడండి. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ ఖాళీలకు వేరే సైట్లున్నాయి.

ఇక డబ్బు సంగతి. 2025 లెక్కల ప్రకారం ఎన్‌ఎంసీ దారిలో అర్హతల పరిశీలనకు 140 పౌండ్లు, సీబీటీకి 83, ఆస్కీకి 794, రిజిస్ట్రేషన్‌కు 153. అన్నీ కలిపితే 1,170 పౌండ్లు. నిజంగా ఉద్యోగం ఇచ్చే ట్రస్టు చాలాసార్లు ఆస్కీ ఖర్చు తనే భరిస్తుంది. ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర రుసుము తీసుకోవడాన్ని యూకే నిబంధనలు ఒప్పుకోవు. మన దగ్గర లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. దాన్ని దాటించడానికే ట్రైనింగ్, డాక్యుమెంటేషన్ అంటూ వేర్వేరు పేర్లతో బిల్లు వేస్తారు. ప్రతి రూపాయి దేనికో కాగితం మీద రాసివ్వమనండి, రాయనంటే బయటికి వచ్చేయండి. ఏజెంటు లైసెన్సు కేంద్ర విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో కనిపించాలి.

సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌కు (వీసా కోసం ఉద్యోగమిచ్చే సంస్థ ఇచ్చే పత్రానికి) విడిగా ధర చెబితే అది మోసమే. యూకే ప్రభుత్వ స్పాన్సర్ల జాబితాలో సంస్థ పేరున్నంత మాత్రాన మీ ఆఫర్ నిజమైనది కాదు. ట్రస్టు సొంత వెబ్‌సైట్‌లో ఉన్న మెయిల్‌కు రాసి నిర్ధారించుకోండి, ఆఫర్ లెటర్‌ మీదున్న నంబరుకు ఫోన్ చేయడం వల్ల లాభం లేదు. ‘ముందు కేరర్‌గా (వృద్ధులను, రోగులను చూసుకునే కేర్ వర్కర్‌గా) వెళ్లండి, తర్వాత నర్సుగా మారుద్దాం’ అన్న మాట అసలే నమ్మకండి: 2025 జూలై 22 నుంచి కేర్ వర్కర్లను విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం ఆపేశారు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ సంభాషణలు భద్రపరచి ఈమైగ్రేట్‌లోనూ, హైదరాబాద్‌లో వలస కార్మికుల రక్షణ చూసే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలోనూ ఫిర్యాదు చేయండి. ఆన్‌లైన్‌లో పంపి కొన్ని గంటలే అయితే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.