హనుమకొండలో ఫ్రెంచ్ ఫ్రైస్ కొనేవాళ్లు మసాలా చల్లకముందే ఒకటి విరిచి చూడండి

మొన్న ఆదివారం సాయంత్రం భద్రకాళి గుడికి వెళ్లి వస్తూ, పిల్లలు అడిగారని హనుమకొండలో ఒక షాపు దగ్గర ఆగాం. పెరిపెరి ఫ్రైస్ పెద్ద బకెట్ 180 రూపాయలు. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు పెట్టాను, అది తేలాలి. పేరు కన్నా అక్కడ ఏం జరిగిందో తెలియడం ముఖ్యం, ఎందుకంటే ఇలా అమ్మడం ఏ షాపులోనైనా జరగొచ్చు.

బకెట్ చేతికి వచ్చినప్పుడు ఎర్రగా, నోరూరేలా ఉంది. మసాలా ఎంత దట్టంగా చల్లారంటే ఆలుగడ్డ రంగే కనిపించలేదు. దాని మీద మయోనీస్. మా పాప నాలుగైదు తిని "అమ్మా, గొంతు గరగరమంటోంది" అని పక్కన పెట్టేసింది. అప్పుడు నేను ఒక ముక్క తీసి టిష్యూతో మసాలా తుడిచి చూశాను. ముదురు గోధుమ రంగు, కొసలు నల్లగా. విరవబోతే విరగలేదు, తోలులా సాగింది. లోపల గుజ్జు ఎండిపోయి బోలుగా ఉంది. సంక్రాంతికి సకినాలు చేయగా మిగిలిన నూనె గిన్నె నెల తర్వాత మూత తీస్తే ఒక కనరు వాసన వస్తుంది కదా, అచ్చం అదే వాసన. ఆ రాత్రి పాపకు రెండుసార్లు వాంతి అయింది. అది ఫ్రైస్ వల్లేనని నేను రుజువు చేయలేను, కానీ తెల్లవార్లూ టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

షాపులోనే అడిగాను, "తమ్ముడూ, ఇవి ఎప్పటివి?" అని. "పొద్దున గోలించినయే అక్కా, ఇప్పుడు మళ్ల నూనెల ఏసి ఇచ్చినం. ఫ్రెంచ్ ఫ్రైస్ రెండుసార్లు గోలిస్తెనే మంచిగుంటయ్" అన్నాడు. ఆ అబ్బాయి చెప్పింది సగం నిజం. ఆ సగం నిజం వినే చాలామంది మాట్లాడకుండా డబ్బులిచ్చి వచ్చేస్తారు. అందుకే ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాను.

మంచి ఫ్రైస్‌ను నిజంగానే రెండుసార్లు వేయిస్తారు. మొదటిసారి నూనె 150, 160 డిగ్రీల దగ్గర ఉండాలి. అప్పుడు ఆలుగడ్డ లోపల మెత్తగా ఉడుకుతుంది, పైన రంగు రాదు, తెల్లగానే ఉంటుంది. తీసి ఆరబెడితే పైన తడి పోతుంది. మనం అడిగాక రెండోసారి 180, 190 డిగ్రీల నూనెలో రెండు మూడు నిమిషాలు వేస్తే పైన కరకరలాడే పొర వస్తుంది, లోపల ఉడికిన ఆలుగడ్డలా మెత్తగా ఉంటుంది. మాకు ఇచ్చినవి అలాంటివి కావు. పొద్దున పూర్తిగా ఎర్రగా వేయించి అమ్మగా మిగిలినవాటినే మళ్లీ నూనెలో ముంచి ఇచ్చారు. ఇలా చేస్తే లోపలి తేమంతా పోతుంది, నూనె పీల్చుకుంటుంది. కాబట్టి కౌంటర్ వెనక పళ్లెంలో ఉన్న ముక్కల రంగు చూడండి. తెల్లగా ఉంటే పర్వాలేదు. ముందే ఎర్రగా ఉంటే కొనకండి.

ఫ్రోజెన్ ప్యాకెట్ వాడటం తప్పు కాదు. వాటిని ఫ్యాక్టరీలోనే ఒకసారి కొద్దిగా వేయించి గడ్డకట్టిస్తారు, షాపువాళ్లు మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా నూనెలో వేస్తే చాలు. ప్యాకెట్ బయట కరిగి నీళ్లు కారుతూ ఉంటే మాత్రం వద్దు. పచ్చి ఆలుగడ్డ కోసి చేసేవాళ్ల దగ్గర ఇంకో సంగతి చూడాలి. ఆలుగడ్డను ఎక్కువ రోజులు ఫ్రిజ్‌లో పెడితే పిండి చక్కెరగా మారుతుంది, అలాంటివి వేయిస్తే తొందరగా నల్లబడి చేదెక్కుతాయి. నల్లగా మాడేకొద్దీ అక్రిలమైడ్ అనే, ఒంటికి మంచిది కాని పదార్థం కూడా పెరుగుతుంది. వేయించిన ఆలుగడ్డలో అది ఉంటుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఫ్రైస్ ఎప్పుడూ బంగారు రంగులో ఉండగానే తీయాలి.

నూనె సంగతికి వస్తే, వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ (నూనెను మళ్లీ మళ్లీ కాచేకొద్దీ పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే ఇక వాడకూడదని 2018 జులై 1 నుంచి దేశమంతా రూల్ ఉంది. షాపు ముందు నిలబడి మనం అది కొలవలేం. కానీ నూనె డికాక్షన్ రంగులో ఉండి, నురగ ఆగకుండా వస్తూ, ముక్కలు వేయకముందే పొగ లేస్తుంటే అక్కడ నిలబడాల్సిన పని లేదు.

మయోనీస్ గురించి కూడా చెప్పాలి. మాకిచ్చింది కౌంటర్ మీద ఎండ తగులుతున్న డబ్బాలోంచి తీసింది. పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను మన రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది, అంటే అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. బెల్జియంలో ఫ్రైస్‌కు మయోనీస్ పెద్ద ఇష్టం, కాగితం పొట్లంలో వేడివేడిగా ఇస్తారు. తినాలనుంటే మీరూ తినండి, కానీ ఫ్రిజ్‌లోంచి తీసిన సీల్డ్ ప్యాకెట్ అడగండి, పక్కన ఇమ్మనండి. మీద పోస్తే రెండు నిమిషాల్లో ముక్కలు మెత్తబడిపోతాయి.

ఇప్పుడు నేను అడిగే పద్ధతి ఇది: "మసాలా వద్దు, ఉప్పు ఒక్కటే, నూనెలోంచి తీయగానే వెయ్యండి." వేడి మీద వేసిన ఉప్పే ముక్కకు పట్టుకుంటుంది. మసాలా పొట్లం విడిగా తీసుకుంటాను. మూత పెట్టనివ్వను, మూత వేస్తే ఆవిరి నీళ్లయి మళ్లీ ముక్కల మీదే పడుతుంది. హనుమకొండ నుంచి కాజీపేటకు డెలివరీ తెప్పించుకుంటే మెత్తబడిపోవడానికి కారణం ఎక్కువగా అదే. కొన్నచోటే నిలబడి ఐదు నిమిషాల్లో తినేయాలి. మొదటి ముక్క విరిచి లోపల చూసి, ఆ తర్వాతే పిల్లలకు ఇస్తున్నాను.

ఆ రోజు డబ్బులు వాపసు అడిగితే ఓనర్ "మసాలా ఘాటు ఎక్కువైనట్టుందమ్మా, కూల్‌డ్రింక్ తీసుకోండి" అన్నాడు. తీసుకోలేదు. బిల్లు, విరిచిన ముక్క ఫొటో, మయోనీస్ డబ్బా ఫొటో ఫుడ్ సేఫ్టీ వాళ్ల యాప్‌లో పెట్టాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పాను. బిల్లు ఇవ్వకపోతే అడిగి మరీ తీసుకోండి, అది లేకపోతే నేను ఈ ఫిర్యాదు పెట్టడమే కష్టమయ్యేది.