కొత్తపేట పిల్లల కౌన్సెలింగ్ సెంటర్: 4 స్టార్లు, ఒకటి రిసెప్షన్‌కి కోత

గుంటూరు కొత్తపేటలో ఒక చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్‌కి ఐదు నెలలుగా వెళ్తున్నాం, పేరు రాయట్లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి మరి.

మా బాబుని దత్తత తెచ్చుకున్నాం, ఇంటికొచ్చేసరికి రెండేళ్ల నాలుగు నెలలు. మోకాలు చెక్కుకుపోయినా ఏడవడు, ఎవరు చెయ్యి చాపినా వెళ్లిపోతాడు, ఒకసారి కూరగాయల బండాయన చంకెక్కేశాడు. మా అత్తయ్యేమో "ఎంత బుద్ధిమంతుడే, అసలు పేచీయే లేదు" అని మురిసిపోయేది. నేనూ అలాగే అనుకున్నా, ఉతుకుదామని దిండు గలీబు తీస్తే లోపల ఎండి గట్టిపడ్డ ఇడ్లీ ముక్కలు మూడు కనపడేదాకా.

అక్కడి మేడం మొదటిరోజు గంటసేపు వాడితో నేలమీద కూర్చుని ఆడారు, ఫోన్ ముట్టలేదు. ఏడ్చినప్పుడల్లా ఎవరూ రాకపోతే పిల్లలు ఏడవటమే మానేస్తారంట, అది బుద్ధి కాదంట. పసివాడు ఊ అంటే మనం ఊ కొట్టాలి, దాంతోనే మెదడులో కనెక్షన్లు గట్టిపడతాయి, అది లేకపోతే భయాన్నీ కోపాన్నీ అదుపు చేసే భాగాలు సరిగ్గా ఎదగవన్నారు. రుమేనియాలో బుకారెస్ట్ అనాథాశ్రమాల పిల్లలు 136 మందితో 2000లో ఒక స్టడీ మొదలైందంట, సగం మందిని ఇళ్లలో పెంచడానికిచ్చారంట, రెండేళ్లలోపు వెళ్లినవాళ్ల ఈఈజీ (మెదడులో కరెంటు సంకేతాలు చూసే పరీక్ష) ఎనిమిదేళ్లొచ్చేసరికి మామూలు పిల్లలకి దగ్గరగా వచ్చేసిందంట. నాకు గుండె జారిపోయింది, మావాడికి రెండు దాటాయి కదా! "సినిమా హాలు గేటు కాదమ్మా టైమ్‌కి మూసెయ్యడానికి" అన్నారు మేడం.

హోంవర్క్ అంతా మాకే. వాడు పడితే ఏడవకపోయినా పరిగెత్తి ఎత్తుకోవాలి, తిండి దాస్తే తిట్టకుండా వాడికందే చోట ఎప్పుడూ ఓ డబ్బాలో ఏదోటి ఉంచాలి, కొన్నాళ్లు చుట్టాల చేతికివ్వకూడదు (అత్తయ్య నాతో వారం మాట్లాడలేదు).

ఇక తిట్లు. ఐదింటికని అపాయింట్‌మెంట్ ఇచ్చి ఆరున్నరకి పిలుస్తారు, బండి పెట్టుకునే చోటే లేదు. అన్నిటికంటే ఘోరం, రిసెప్షన్ అమ్మాయి హాలు నిండా జనముండగా "దత్తత బాబు కేసు ఎవరండీ" అని అరిచింది, మా ఆయన గొడవ పెట్టుకున్నాక అలా అరవడం మానేసింది.

పోయిన శుక్రవారం మా బాబు అక్కడి మెట్లమీదే కాలు జారి పడ్డాడు, ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు, చూసి బావురుమన్నాడు. అదే అమ్మాయి "కొంచెం బయటికి తీసుకెళ్లండి మేడం, డిస్టర్బెన్స్" అంది. నేను కదల్లేదు, ఎత్తుకుని అక్కడే కూర్చున్నా.

శనివారం మాత్రం వెళ్లకండి, బాగా రష్.