ఊదా లైటు: సార్వా, దాళ్వా దాటాక

చిమ్మటల్ని (రాత్రుళ్లు దీపానికి వచ్చే, సీతాకోకచిలుకల్లాంటి రెక్కల పురుగుల్ని) రప్పించే ఈ 365 నానోమీటర్ల అతినీలలోహిత (యూవీ) లైటు కొన్న కొత్తలో, "తోటలో ఏమున్నాయో ఈ లైటే చెబుతుంది" అని కనబడినవాళ్లందరి దగ్గరా పొగిడాను. పవర్ బ్యాంకుతో నడుస్తుంది. కరెంటు పోయి వీధి దీపాలు ఆరిపోతే పెరట్లో కట్టిన తెల్ల పంచె మీద చిమ్మటలు ఇంకా బాగా వాలతాయి. ఈ రెండు మాటల మీదా ఇప్పటికీ ఉన్నాను. ఫొటోలు మాత్రం చిరాకే. సబ్బుపొడితో ఉతికిన పంచె ఈ వెలుగులో నీలంగా మెరుస్తుంది, రంగులేవీ తేలవు. పక్కనుంచి మామూలు టార్చి కొట్టాల్సిందే.

దాళ్వా (సార్వా తర్వాత వేసే రెండో వరి పంట) నారుమళ్లు పోసిన రోజుల్లో ఒక రాత్రి పంచె నిండా పసుప్పచ్చ చిమ్మటలే. ఒక్కో ముందు రెక్క మీద ఒక్కో నల్ల చుక్క. నేనేమో గన్నేరు హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మట వస్తుందని నందివర్ధనం పెంచుకుని కూర్చున్నవాణ్ణి; విసుగొచ్చి లైటు ఆర్పబోయాను. గోడవతల నుంచి పక్కింటి బాబాయ్ తొంగిచూసి, "ఆర్పకురా, ఇవి మీ పెరటివి కాదు, మా మడిలోవి" అన్నాడు. వరి కాండం తొలిచే పురుగు తాలూకు తల్లి పురుగులట. తెల్లారి నారుమడిలో చూస్తే ఆకుల కొసల్లో గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్దలు! నాట్లకి ముందు నారు కొసలు తుంచేయించాడు. అప్పట్నుంచీ పొద్దుగూకితే చాలు, "లైటేశావా?" అని కేక.

ఇంతా చేసి నాకు మిగిలిన అనుమానం ఒకటుంది. ఐనాచురలిస్ట్‌లో (చూసిన మొక్కల, జీవుల ఫొటోలు ఎక్కించే సైటు) మా పెరడు పేరిట ఎక్కించినవాటిలో నిజంగా మా మొక్కల మీద పెరిగినవి ఎన్ని? నందివర్ధనం ఆకుల్ని హాక్‌మాత్ గొంగళిపురుగులు మేసేశాయి. రెక్కలొచ్చినది మాత్రం నా లైటుకి ఇంతవరకూ రాలేదు. ఓ సందెవేళ మల్లెపందిరి దగ్గర ఎగురుతూ కనబడింది, అదీ ఫొటోకి అందకుండా. కాబట్టి "తోటలో ఏమున్నాయో ఈ లైటే చెబుతుంది" అని నేనన్న మాట కొంచెం తగ్గించుకోండి. ఆకులు తిరగేసి చూడ్డం తప్పదు.

మాది చేల గట్టునున్న ఇల్లు కాబట్టి గిట్టుబాటైంది. పట్నంలో, ఎదురుగా వీధి లైటున్న బాల్కనీలో ఇంత పని చేస్తుందని చెప్పలేను. తొలకరి వాన పడ్డ రాత్రి ఎక్కడున్నా వెయ్యకండి. ఉసిళ్లు అన్నంలోకి కూడా వస్తాయి. దీపం వైపు తేరిపార చూడొద్దు, కళ్లకి మంచిది కాదు.

వచ్చే సార్వాకి చేలో ఇలాంటిదే ఇంకోటి పెడదామంటున్నాడు బాబాయ్. సగం డబ్బులు తనిస్తాడట, పవర్ బ్యాంకు మాత్రం నాదేనట.