సింగపూర్‌లో మొదటి రోజు: దిగగానే గదికా, బయటికా?

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఇండియా వెళ్తూ దారిలో సింగపూర్‌లో రెండు మూడు రోజులు ఆగే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. రాత్రి ఎక్కితే పదహారు, పదిహేడు గంటలు కూర్చోబెట్టి పొద్దుపొద్దున్నే చాంగీ ఎయిర్‌పోర్టులో దించుతారు. హోటల్ గది ఇచ్చేది మాత్రం మధ్యాహ్నం మూడు ప్రాంతంలో. అందాకా పిల్లల్ని వేసుకుని ఏం చేయాలి? అదనంగా డబ్బు కట్టి పొద్దున్నే గది తీసుకోవాలా, ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న జ్యువెల్ మాల్‌లో ఏసీలో గడపాలా, ఊళ్లోకి వెళ్లాలా?

ముందు గడియారం లెక్క చూడండి. వేసవిలో సింగపూర్ శాన్‌ఫ్రాన్సిస్కో కన్నా 15 గంటలు ముందుంటుంది. సింగపూర్‌లో పొద్దున ఏడైతే పిల్లల ఒంటికి సాయంత్రం నాలుగు, అంటే స్కూల్ వదిలాక ఎగిరి గంతులేసే టైమ్. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటంటే వాళ్లకి రాత్రి పది. మూడంటే అర్ధరాత్రి.

అందుకే పొద్దున్నే గది తీసుకోవడం డబ్బు దండగ అని నా అభిప్రాయం. కర్టెన్లు వేసి పడుకోబెట్టినా పిల్లలు మంచాల మీద దూకుతారు. విమానంలో కన్నుమూయని అమ్మానాన్నలు మాత్రం పడిపోతారు. తీరా మధ్యాహ్నం వాళ్లు లేచేసరికి పిల్లలు నిద్రలోకి జారుకుంటారు. ఇక ఆ రాత్రంతా జాగారమే. న్యూయార్క్ వైపు నుంచి వచ్చేవాళ్లకి మాత్రం ఇది వర్తించదు. వాళ్లకి తేడా సరిగ్గా 12 గంటలు కాబట్టి పొద్దున తొమ్మిదికల్లా పిల్లలు తూలిపోతారు. అదనపు డబ్బు కట్టినా వాళ్లకి గిట్టుబాటే.

జ్యువెల్ మంచి చోటే. 2019లో తెరిచారు, టెర్మినల్ 1 నుంచి నడిచి వెళ్లొచ్చు, లోపలికి టికెట్ లేదు. మధ్యలో 40 మీటర్ల జలపాతం, చుట్టూ చెట్లు. కాకపోతే పొద్దున ఏడింటికి వెళ్తే ఆ జలపాతం ఉండదు! అది మొదలయ్యేది పది, పదకొండు మధ్య. షాపులు కూడా ఎక్కువ భాగం పదికే తెరుస్తారు. జోరున వాన పడుతున్నా, వెంట మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ ఉన్నా ఇదే మేలు. లేకపోతే తిరుగు ప్రయాణం రోజుకి దాచుకోండి.

నా ఓటు బొటానిక్ గార్డెన్స్‌కే. సామాను హోటల్‌లో పడేసి నేరుగా అక్కడికి వెళ్లండి. 1859 నాటి తోట, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పొద్దున ఐదింటికే తెరుస్తారు, ఉచితం. ఆర్కిడ్ల తోటకి మాత్రం టికెట్ ఉంటుంది. భూమధ్యరేఖకి దాదాపు 1.3 డిగ్రీల దూరంలో ఉన్న ఊరు కాబట్టి ఏడాది పొడవునా ఏడు ప్రాంతంలోనే తెల్లారుతుంది. ఆ వేళ గాలి ఇరవై ఐదారు డిగ్రీలుంటుంది, చెట్ల కింద హాయిగా నడవొచ్చు. పదకొండయ్యేసరికి ముప్ఫై దాటుతుంది. అంకె చూసి మన ఎండల ముందు ఇదెంత అనుకోకండి. గాలిలో తేమ వల్ల పట్టిన చెమట ఆరదు, పిల్లల మొహాలు ఎర్రబడిపోతాయి. అందుకే తొమ్మిదిన్నరకల్లా అక్కడి నుంచి కదిలితే మంచిది. మెట్రోలో మూడో స్టేషనే లిటిల్ ఇండియా. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ అక్కడే. ఒంటికి అది సాయంత్రం టిఫిన్ వేళ గనక పిల్లలు పేచీ పెట్టకుండా ఇడ్లీ, దోసె తినేస్తారు.

జూ, యూనివర్సల్ స్టూడియోస్ మొదటి రోజు వద్దే వద్దు. టికెట్ కొని లోపలికి వెళ్లాక ఒంటిగంటకి పిల్లాడు భుజం మీద నిద్రపోతే, ఆ ఎండలో మోయాల్సింది మీరే.

పన్నెండున్నర, ఒంటిగంటకి గది ఉంటే బాగుంటుందని హోటల్‌కి ముందే రాసి పెట్టండి. గది ఖాళీ ఉంటే అదనంగా అడగకుండా ఇచ్చే చోట్లు చాలానే ఉన్నాయి. డబ్బు కట్టాల్సి వచ్చినా పొద్దున ఏడు నుంచి కట్టడం కన్నా నయం. నాలుగుకి అలారం పెట్టి, ఏడ్చినా సరే అందర్నీ లేపేయాలి. ఇక్కడే చాలామంది మెత్తబడతారు. కానీ ఐదు నుంచి ఏడు వరకు పగటి వెలుతురులో ఉండటం ఈ దిశ ప్రయాణానికి బాగా పనిచేస్తుంది. ఒంటికి అది తెల్లవారుజాముకు ముందు వేళ. అప్పుడు పడే వెలుతురు లోపలి గడియారాన్ని వెనక్కి జరుపుతుంది. మనకి కావలసింది అదే, ఎందుకంటే తేదీ పక్కన పెడితే 15 గంటలు ముందుండటమూ 9 గంటలు వెనకుండటమూ గడియారంలో ఒకటే.

ఆ వేళకి గార్డెన్స్ బై ద బే, హోటల్ ఈతకొలను, రెండూ బాగుంటాయి. ఓపిక ఉంటే మొదటిది. అక్కడ 50 మీటర్ల దాకా ఎత్తున్న సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన కట్టడాలు) దగ్గర 7.45కి లైట్ల షో ఉంటుంది, అదీ ఉచితమే. ‘ఎలాగూ నిద్ర పట్టదుగా’ అని నైట్ సఫారీ బుక్ చేసేవాళ్లుంటారు. అది తెరిచే ఏడుంపావుకి ఒంట్లో తెల్లవారుజాము నాలుగు దాటి ఉంటుంది. ట్రామ్‌లో కూర్చున్న ఐదు నిమిషాలకి పిల్లలు జంతువుల్ని కాదు, కలల్ని చూస్తుంటారు.

ఏం చేసినా మొదటి రాత్రి రెండింటికి ఎవరో ఒకరు లేచి ఆకలంటారు. వాళ్ల కడుపుకి అది పొద్దున పదకొండు మరి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడే అరటిపళ్లు, పెరుగు, బ్రెడ్ కొని గదిలో పెట్టండి. మర్చిపోతే రాత్రంతా తెరిచి ఉండే సెవెన్ ఎలెవెన్ దుకాణం దగ్గర్లో ఒకటి దొరకవచ్చు. వెళ్లేది ఎవరన్నది మాత్రం పడుకునే ముందే తేల్చుకోండి.