ఫిగర్ స్కేటింగ్ బూట్లు కొంటున్న పెద్దవాళ్లూ, బ్లేడ్ బిగించే ముందు ఒక్క నిమిషం ఆగండి

డాలస్ చుట్టుపక్కల రింకుల్లో ఈ మధ్య మనవాళ్లు బాగానే కనిపిస్తున్నారు, పిల్లల్ని క్లాసుకి తీసుకొచ్చి ఊరికే కూర్చోలేక తామూ అడల్ట్ క్లాసులో చేరిపోయినవాళ్లే ఎక్కువ. రెంటల్ స్కేట్లతో విసిగిపోయి సొంత బూట్లు కొందామనుకుంటున్నవాళ్ల కోసమే ఇది. షాపువాళ్లు బూటు కాలి ఆకారానికి ఒదగాలని ఓవెన్‌లో వేడి చేస్తామన్నా, బ్లేడ్ బిగించేస్తామన్నా వెంటనే తల ఊపకండి. ఆ రెండూ అయ్యాయంటే కాలికి పట్టినా పట్టకపోయినా ఇక ఆ బూటు మీదే, వాపసు తీసుకోరు.

నాకు సరిపోని బూట్లు అంటగట్టింది చిల్లర షాపేం కాదు, స్కేట్లు మాత్రమే అమ్మే షాపు. నా పాదం ముందు భాగం వెడల్పు, మడమ సన్నం. చిన్నప్పటి నుంచి చెప్పుల్లో తిరిగిన కాళ్లు మరి. ఇలాంటి పాదానికి పొడవు అలాగే ఉంచి వెడల్పు పెంచాలి. జాక్సన్, రీడెల్ లాంటి కంపెనీలు ఒకే సైజులో వేర్వేరు వెడల్పులు చేస్తాయి కూడా. ఆ షాపులో నా సైజుకి వెడల్పు రకం స్టాకు లేదు. ఆ మాట చెప్పి తెప్పిస్తే సరిపోయేది. అది మానేసి ఉన్న ఇరుకు రకంలోనే పెద్ద సైజు తెచ్చి తొడిగించి, పెద్దవాళ్ల కాళ్లు సాయంత్రానికి వాస్తాయి, కాస్త వదులుండాలి అన్నారు. వేళ్లు కదులుతుంటే ఎవరికైనా హాయిగానే ఉంటుంది కదా! కానీ ఫిగర్ స్కేట్ చాలా బ్రాండుల్లో మామూలు షూ కన్నా ఒకటి, ఒకటిన్నర సైజు చిన్నదే పడుతుంది. నిటారుగా నిలబడితే వేళ్లు ముందువైపు తాకీ తాకనట్టు ఉండాలి, మోకాళ్లు వంచగానే కొద్దిగా వెనక్కి జరగాలి, మడమ మాత్రం ఇసుమంత కూడా లేవకూడదు.

ఐస్ మీద సంగతి తెలిసిపోయింది. ఒంటికాలి గ్లైడ్‌లో మడమ బూటు లోపల పైకి లేస్తుంది, దాన్ని ఆపడానికి వేళ్లు వాటంతటవే ముడుచుకుని ఇన్సోల్‌ని, అంటే బూటు లోపల పరిచే మెత్తని పట్టుకుంటాయి, కాసేపటికి అరికాలు పీకేస్తుంది. వదులుగా ఉందని లేసులు ఇంకా లాగి కడితే పాదం తిమ్మిరెక్కుతుంది, చీలమండ ముందు లేసు అచ్చు ఎర్రగా పడుతుంది. వెళ్లి చెబితే ఒకటే పాట, కొత్త బూట్లు కదా, అలవాటు పడతారు అని. కొత్త బూటు ఎముక దగ్గర ఒత్తుకుంటే అది వేరు, ఆ చోట సాగదీయిస్తే తగ్గుతుంది. మడమ లేవడం అలా తగ్గదు, బూటు మెత్తబడేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. ఓవెన్‌లో వేడి చేసినా అంతే, 80 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ వేడికి బూటు కాలి ఆకారానికి ఒదుగుతుంది గానీ పొడవు తగ్గదు.

గట్టిదనం ఇంకో గొడవ. మీరు పెద్దవాళ్లు, బరువుంటారు, గట్టి బూటు కావాలి అంటారు. ఇందులో సగం నిజం ఉంది, అందుకే నమ్మేస్తాం. అదే లెవెల్లో ఉన్న పిల్ల కన్నా మనకి ఒక మెట్టు గట్టిది కావాలి, నిజమే. ఒక మెట్టు అంటే ఒక మెట్టే. ఈడియా అనే బూట్ల కంపెనీ వాళ్లు గట్టిదనానికి తమ ఓవర్చర్ మోడల్‌కి 48, పియానో మోడల్‌కి 90 అని అంకె ఇస్తారు, పియానో గాల్లో మూడు, నాలుగు చుట్లు తిరిగే ట్రిపుల్, క్వాడ్ జంపులు చేసేవాళ్ల కోసం చేసింది. మొదట్లో నేర్పే వాల్ట్జ్ జంప్ కూడా రాని మనకి ఆ తరహా బూటు ఎందుకండీ? చీలమండ వంగదు, మోకాలు వంగదు, నడుం దగ్గర వంగుతాం, బరువంతా ముందుకొచ్చి, బ్లేడ్ ముందు కొనన ఉండే పళ్లు (టో పిక్) ఐస్‌కి తగిలి బోర్లా పడతాం. ఈ అంకెలు ఒక కంపెనీవి ఇంకో కంపెనీతో పోల్చడానికి పనికిరావు, అదీ గుర్తుంచుకోండి.

తర్వాత వేరే ఫిట్టర్ దగ్గరికి వెళితే ఆయన కొలతల టేపు కూడా తీయలేదు. బూట్లోంచి ఇన్సోల్ లాగి నేల మీద పెట్టి దానిమీద నిలబడమన్నాడు. వేళ్ల ముందు వేలున్నర ఖాళీ, చిటికెన వేలు మాత్రం ఇన్సోల్ దాటి బయటికి. పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ అని చూడగానే తేలిపోయింది. మీరూ షాపులోనే ఇది చేయించుకోండి, వద్దంటే లేచి వచ్చేయండి. లేసులు కట్టకుండా వేళ్లు ముందుకి ఆనించి మోకాళ్లు వంచినప్పుడు మడమ వెనక పెన్సిల్ పట్టేంత సందు చాలు, వేలు దూరిపోతే పెద్దదే. స్కేటింగ్‌కి వేసుకునే పల్చటి సాక్సే తీసుకెళ్లండి, వాళ్లిచ్చే మందం సాక్స్ వద్దు.

అంతా కుదిరాక కూడా బ్లేడ్‌ని ముందు తాత్కాలికంగా కొన్ని స్క్రూలతోనే బిగించమని అడగండి. బ్లేడ్ ప్లేట్‌లో పొడుగాటి రంధ్రాలు ఉండేదే అందుకు, ఐస్ మీద కాలు లోపలికో బయటికో ఒరుగుతుంటే జరుపుకోవచ్చు. నా బూట్లకి అడగకుండానే అన్ని స్క్రూలూ దిగగొట్టి, చిల్లులు పడ్డాయి కాబట్టి మార్చుకోవడం కుదరదని చేతులు దులుపుకున్నారు. వాపసు రూలు ఏంటో డబ్బు కట్టకముందే బిల్లు మీద రాయించుకోండి, ఒక్క బూట్లకే నాలుగైదు వందల డాలర్లు పోసేటప్పుడు మొహమాటం ఎందుకు.

ఇండియాలో ఉండి, ఇక్కణ్ణుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. గురుగ్రామ్‌లో నేర్చుకుంటున్న మా పెదనాన్న కూతురు తన షూ సైజు వాట్సాప్‌లో పెట్టి అదే కొనేయమంది. కుదరదని చెప్పి, సాయంత్రం పూట పూర్తి బరువు వేసి నిలబడి రెండు పాదాలూ కాగితం మీద గీయించి, పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో పంపమన్నాను. రెండు పాదాలకీ ఆరు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. పెద్ద పాదం కొలతకే బ్లేడ్ లేకుండా, వేడి చేయించకుండా ఉత్త బూటు తెప్పించాం. ఇంట్లో కార్పెట్ మీద వేసుకు చూస్తోంది, మార్చుకునే గడువు ఇంకా ఉంది.